మసకబారిన పలక

ఫొటో స్టూడియోల వాళ్ళు వాడే మాటల్లో 'ఫాగ్' ఒకటి. డెవలప్ చేసి బయటికి తీసిన ఫిల్ములో, వెలుతురు సోకనిచోట గాజులా తేటగా ఉండాల్సింది పోయి బూడిదరంగు పొర కమ్ముకుని ఉంటే 'ఫిల్ము ఫాగయింది' అంటారు. పెళ్ళి ఫొటోకి ఇదేమంత ప్రమాదం కాదు. హార్డ్ పేపరు మీద ప్రింటు తీసి గట్టెక్కించేస్తారు. ఆకాశం ఫొటోకి మాత్రం ఇది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. దూరపు నక్షత్రం నెగటివు మీద వదిలే చుక్క ఆ బూడిద పొరకంటే ఏ కాస్తో నల్లగా ఉంటుంది, అంతే. పొర చిక్కబడితే ముందుగా పోయేది ఆ చుక్కే. పెళ్ళికొడుకుని మళ్ళీ పీటల మీద కూర్చోబెట్టి ఫొటో తీయొచ్చు గానీ, దాటిపోయిన గ్రహణాన్నీ వెళ్ళిపోయిన తోకచుక్కనీ వెనక్కి రప్పించలేం కదా.

ఈ మసకతో మన ప్రాంతంలో జరిగిన పోరాటానికి నూటయాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ఎక్కువ భాగం తెలుగు నేల మీద జరిగింది, కొంత మన రాయచూరు జిల్లాలోనే జరిగింది. 1956 నవంబరు 1 దాకా ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోదే. ఆ లెక్కన తుర్విహాళ, సింధనూరు వాళ్ళకి బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ పరాయి సంస్థ కాదు. తుంగభద్ర కాలువ నీళ్ళ వెంట వచ్చి ఇక్కడ క్యాంపుల్లో స్థిరపడిన మనవాళ్ళకి ఈ సంగతి తెలియకపోవడంలో వింత లేదు. చెప్పినవాళ్ళు లేరు.

మొదట గుంటూరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్షిణ భారతాన్ని దాటింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్, ఆంగ్ల ప్రభుత్వం తరఫున మేజర్ టెన్నెంట్ గుంటూరులోనే మకాం వేశారు. వర్ణపటంలో కొత్త పసుపు గీత కనిపించి, ఆ తరువాత హీలియం అనే పేరుకు దారితీసిన గ్రహణం అదే. జాన్సెన్ పేరు అందువల్ల అందరికీ తెలుసు. టెన్నెంట్ బృందం అక్కడ ఆరు గాజు పలకల మీద ఫొటోలు తీసిందన్న సంగతి తక్కువమందికి తెలుసు. పల్చటి మబ్బు అడ్డుపడి పలకలకు చాలినంత వెలుతురు అందలేదు. అయినా సూర్యుడి అంచున కొమ్ములా లేచిన జ్వాల వాటిలో స్పష్టంగా పడింది.

అవి తడి పలకల రోజులు. కొలోడియన్ పూసి, వెండి నైట్రేటు తొట్టిలో ముంచి, తడి ఆరేలోపలే కెమెరాలో పెట్టి, తీసి, ఆ తడి మీదే డెవలప్ చేయాలి. మన ఎండల్లో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? కాబట్టి ఆ గుడారంలో పని చేసేవాడికి తీరిక అనేది లేదు. అయితే ఆ పద్ధతిలో ఒక సుఖం కూడా ఉంది. పలక మసకబారితే కారణం ఆ పావుగంటలోనే, ఆ గుడారంలోనే దొరుకుతుంది. వెండి తొట్టి చెడిందా, గుడ్డలోంచి వెలుతురు దూరిందా, డెవలపరు చిక్కబడిందా అని చూసుకుంటే సరిపోయేది. 1871లో మాడక్స్ అనే ఆంగ్ల వైద్యుడు జెలటిన్‌తో పొడి పలక తయారుచేసే దారి చూపించాక ఆ సుఖం పోయింది. పలక ఇంగ్లాండు ఫ్యాక్టరీలో పుడుతుంది, ఓడెక్కి ఎర్రసముద్రం వేడి దాటి వస్తుంది, గోదాములో నెలల తరబడి ఉంటుంది, ఎప్పుడో ఒక రాత్రి దూరదర్శినికి తగులుకుంటుంది. మసక కనిపించేది డెవలప్ చేసినప్పుడే అయినా, ఎక్కడ పట్టిందో చెప్పడానికి ఈ దారంతా వెనక్కి నడవాలి.

ఇంట్లో ఆకాశాన్ని చూడడం మనవాళ్ళకి కొత్త కాదని ఇక్కడే చెప్పాలి. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టుకున్నాడు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం కూడా గమనించాడు. ఆ కుటుంబంలో తరువాతి తరంవారు ఆకాశ ఛాయాగ్రహణానికి కూడా ఏర్పాట్లు చేసుకున్నారు. జమీందారీ డబ్బు ఇలాంటి పనికి ఖర్చయిన సందర్భాలు మన చరిత్రలో ఎన్నో లేవు.

జెలటిన్ గురించి ఒక ముచ్చట. అది పశువుల చర్మం నుంచీ ఎముకల నుంచీ తీసే పదార్థం. ఒక్కో దఫా జెలటిన్‌తో చేసిన పలకలు చురుగ్గా ఉండేవి, ఇంకో దఫావి మొద్దుబారి ఉండేవి. 1882లో ఈ తేడా ఈస్ట్‌మన్ కంపెనీని దివాలా అంచుదాకా తీసుకుపోయింది. కారణం తెలిసింది 1925లో. కొడాక్ ప్రయోగశాలలో షెపర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆవాలజాతి మొక్కల ఘాటులో ఉండే గంధకపు పదార్థమే జెలటిన్‌లో చేరి ఫిల్ముకి చురుకు ఇస్తోందని కనుక్కున్నాడు. ఆవులు ఆవమొక్కలు మేస్తే ఫిల్ముకి చూపు వస్తుందన్నమాట! మన భాషలో ఆవుకీ ఆవాలకీ ఉన్న పోలిక చూస్తే ఈ సంగతి ముందే తెలిసినట్టుంటుంది. గంధకం కాస్త ఎక్కువైతే మాత్రం అదే చురుకు మసకగా మారుతుంది. వెలుతురు తగలని రేణువులు కూడా డెవలపరులో నల్లబడడం మొదలుపెడతాయి.

ఇక నిజామియా. నవాబు జఫర్ జంగ్ ఇంగ్లాండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి, 1901లో హైదరాబాదు ఫిసల్‌బండలో సొంత అబ్జర్వేటరీ స్థాపించాడు. 1907లో ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేపట్టింది. మొదటి డైరెక్టరు చాట్‌వుడ్ కాలంలో అది బేగంపేటకు మారింది, ఫొటోలకోసం ప్రత్యేకంగా చేసిన 8 అంగుళాల కుక్ దూరదర్శిని నిలబడింది. 1887లో పారిస్‌లో కూడిన ఖగోళవేత్తలు ఆకాశం మొత్తాన్నీ ఫొటో పలకల మీదికి ఎక్కించాలని తీర్మానించి, దేశదేశాల అబ్జర్వేటరీలకు ఆకాశాన్ని పొలాల్లా పంచారు. దక్షిణ అమెరికాలోని శాంటియాగో తన వాటా పూర్తి చేయలేకపోతే, ఆకాశ మధ్యరేఖకు దక్షిణంగా 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ హైదరాబాదుకి వచ్చింది. మన అనూరాధ, హస్తలో కొంత భాగం ఆ పట్టీలోవే. 1914లో డైరెక్టరుగా వచ్చిన పోకాక్ ఈ పనిని ఊపందించి 1918లో కన్నుమూశాడు. ఆయన తరువాత టి. పి. భాస్కరన్ 1944 దాకా సాగించాడు. 1919 నుంచి అబ్జర్వేటరీ ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీ ఒకటి కూడా వీళ్ళే తీసుకున్నారు. చివరికి 12 సంపుటాల్లో 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చయ్యాయి. కంప్యూటరు లేదు. ఒక్కో చుక్క స్థానాన్ని మైక్రోస్కోపు కింద కొలిచి కాగితం మీద రాసుకున్నారు. లెడ్జర్ల మధ్య బతికిన నాబోటి వాడికి ఆ అంకె వింటేనే చెయ్యెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

ఈ పథకం వేసినవాళ్ళు మసకనీ మచ్చలనీ ముందే ఊహించి రెండు ఉపాయాలు పెట్టారు. మొదటిది, ప్రతి పలక మీదా 5 మిల్లీమీటర్ల ఎడంతో గళ్ళు పడేలా డెవలప్ చేయకముందే విడిగా వెలుతురు ముద్ర వేయడం. తడిసిన జెలటిన్ ఆరేటప్పుడు జరిగితే గళ్ళు కూడా దాంతోపాటే జరుగుతాయి. ఎంత జరిగిందో కొలిచి లెక్క సరిచేసుకోవచ్చు. రెండోది నాకు మరీ నచ్చినది. పటం కోసం తీసిన పెద్ద ఎక్స్‌పోజర్ల పలకల్లో ఒకే పలక మీద ఆకాశాన్ని మూడుసార్లు, దూరదర్శినిని ఏ కాస్తో జరుపుతూ తీసేవారు. అసలు నక్షత్రమైతే చిన్న త్రిభుజంలా మూడు చుక్కలుగా పడుతుంది. దుమ్ము, జెలటిన్‌లో పొక్కు, డెవలపరు మచ్చ అయితే ఒంటిగా ఉంటుంది. మూడు సంతకాలూ లేని చుక్కని చెల్లని చెక్కు కింద కొట్టేయడమే.

మచ్చకి ఈ ఉపాయం చాలుతుంది. పలకంతా పరుచుకునే మసకకి చాలదు. అక్కడ వెతుకులాట తప్పదు. బ్యాంకులో సాయంత్రం పుస్తకాలు కలవకపోతే అనుభవమున్న వాడు ముందు ఒక ప్రశ్న వేసుకుంటాడు: తేడా నిన్నటి నిల్వలోంచి వచ్చిందా, ఇవాళ్టి లావాదేవీల్లో పుట్టిందా, పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు దొర్లిందా? ఫిల్ము మసకకి కూడా ఈ మూడే కాలాలు: కెమెరాలో పెట్టకముందు, ఆకాశం కేసి తెరిచినప్పుడు, చీకటిగదిలో.

విడదీసే పద్ధతి సులువు. నెగటివులో బొమ్మ పడే చట్రం వేరు, దాని చుట్టూ పళ్ళచక్రాల రంధ్రాలున్న అంచు వేరు. చట్రం లోపల మాత్రమే మసక ఉండి అంచు తేటగా ఉంటే, అది లెన్సు గుండా వచ్చిన వెలుతురు. ఫిల్మునీ డెవలపరునీ అనవసరంగా తిట్టొద్దు. అంచుతో సహా అంతా ఒకే తీరుగా కమ్మితే ఫిల్ము ముసలిదై ఉండాలి, లేదా ఎండలో ఉడికి ఉండాలి, లేదా చీకటిగదిలో ఏదో జరిగి ఉండాలి. రంధ్రాల దగ్గర నుంచి చారలు లోపలికి పాకితే డబ్బా మూతి దగ్గరి మఖమల్ గుడ్డ అరిగి వెలుతురు దూరింది, లేదా కెమెరా వెనక తలుపు సరిగా పడలేదు. నమ్మకం కుదరకపోతే అదే రోల్లోంచి వాడని ముక్క ఒకటి చీకట్లో కత్తిరించి, రెండు సగాలు చేసి, ఒకదాన్ని డెవలపరులో పెట్టాక హైపోలో, ఇంకోదాన్ని తిన్నగా హైపోలో వేయాలి. రెండోది ఉత్త గాజులా వచ్చి మొదటిది బూడిదగా వస్తే ఆ తేడాయే ఫిల్ము సొంత మసక. దీనికి ఖర్చు రెండంగుళాల ఫిల్ము.

ముందుకాలపు మసకకి వయసు, వేడి ముఖ్య కారణాలు. రాయచూరు ఎండల్లో ఇనప బీరువాలో పెట్టిన ఫిల్ము వేసవి తరువాత పనికొస్తుందనుకోవడం ఆశే. పెట్టె కర్ర కూడా శత్రువే. 1897లో రస్సెల్ అనే ఆంగ్లేయుడు కొన్ని రకాల కలప, టర్పెంటైను వంటివి చీకట్లో ఉత్త సావాసంతోనే పలకని నల్లబరుస్తాయని చూపించాడు. ఈ రకం మసకల్లోంచి పెద్ద సంగతులే బయటపడ్డాయి. 1896 ఫిబ్రవరి చివర పారిస్‌లో మబ్బు పట్టి ఎండ లేకపోవడంతో బెకెరల్ యురేనియం లవణాన్నీ నల్లకాగితంలో చుట్టిన పలకనీ సొరుగులో పడేశాడు. మార్చి 1న డెవలప్ చేస్తే పలక నల్లబడి ఉంది. రేడియో ధార్మికత అలా దొరికింది. 1945లో కొడాక్ ఎక్స్‌రే ఫిల్ములమీద చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. వెబ్ అనే శాస్త్రవేత్త వెనక్కి వెతుక్కుంటూ పోతే, తప్పు ఫిల్ముది కాదు, డబ్బాలో పెట్టిన గడ్డి అట్టది అని తేలింది. ఆ అట్ట ఇండియానాలో ఒక నది ఒడ్డు మిల్లులో తయారైంది. జూలై 16న న్యూమెక్సికోలో పేల్చిన మొదటి అణుబాంబు ధూళి వెయ్యి మైళ్ళ పైచిలుకు గాలిలో వచ్చి, నదిలో పడి, అట్టలోకి చేరింది. ప్రభుత్వం దాచిన రహస్యాన్ని ఫిల్ము బయటపెట్టింది. 1949లో గానీ ఈ వివరాలు అచ్చుకాలేదు.

రెండో కాలం, ఆకాశపు మసక. రాత్రి ఆకాశం పూర్తి నలుపు కాదు. ఊళ్ళ దీపాలు, వెన్నెల, గాలిలో దుమ్ము అన్నీ కలిసి ఫిల్ముని నెమ్మదిగా కమ్ముతాయి. తుర్విహాళలో వరికోతల తరువాత గడ్డి తగలబెట్టే రోజుల్లో ఆకాశం చూడండి, తెలుస్తుంది. ఎక్కువసేపు తెరిస్తే ఎక్కువ నక్షత్రాలు వస్తాయనుకుంటాం గానీ, ఒక హద్దు దాటాక పెరిగేది మసకే. పైగా మందమైన వెలుతురుని ఫిల్ము పూర్తిగా లెక్కలో వేసుకోదు. గంటసేపు తెరిస్తే పది నిమిషాల పనికి ఆరురెట్లు దక్కదు. ఈ నష్టానికి లెక్క కట్టిన వాడు ష్వార్జ్‌షిల్డ్, 1900 ప్రాంతంలో. దాన్ని పూడ్చడానికే 1970ల తరువాత ఔత్సాహికులు టెక్నికల్ పాన్ ఫిల్ముని హైడ్రోజన్, నైట్రోజన్ మిశ్రమంలో ఉడకబెట్టి వాడేవారు. చురుకు పెరిగేది, కూడా మసకా పెరిగేది. ఫ్రీజర్లో దాచకపోతే ఆ మసక రోజురోజుకీ ముదిరేది. కొడాక్ ఆ ఫిల్మునే 2004 ప్రాంతంలో మానేసింది. లెన్సు మీద మంచు పట్టినా మసకే వస్తుంది, కానీ అప్పుడు నక్షత్రాలు కూడా ఉబ్బి దూదిపింజల్లా ఉంటాయి కాబట్టి గుర్తుపట్టొచ్చు.

మూడో కాలం చీకటిగది. ఎర్రదీపం అన్ని ఫిల్ములకీ పనికిరాదు. నిజామియా రోజుల నాటి పలకలు నీలపు వెలుతురుకే స్పందించేవి, కాబట్టి ఎర్రదీపం కింద కళ్ళారా చూస్తూ కడిగేవారు. పాన్‌క్రొమాటిక్ ఫిల్ముకి కటిక చీకటి కావాలి. చేతిగడియారపు మెరిసే ముళ్ళు చాలు చెడగొట్టడానికి. మన దగ్గర అంతకంటే పెద్ద చిక్కు నీళ్ళు. డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉండాలని డబ్బా మీద రాస్తారు. ఏప్రిల్లో మేడమీది ట్యాంకు నీళ్ళు 35 దాటి ఉంటాయి. ఆ వేడికి డెవలపరు విచక్షణ మరిచి, వెలుతురు తగిలిన రేణువునీ తగలని రేణువునీ ఒకేలా నల్లబరుస్తుంది. జెలటిన్ మెత్తబడి అంచుల దగ్గర ఊడుతుంది. కుండనీళ్ళు వాడి, ఆ పాత్రని మంచుగడ్డలున్న బేసిన్లో పెట్టి, చివరికి కడిగే నీళ్ళు కూడా అదే చల్లదనంలో ఉండేలా చూసుకోవాలి. మంచుముక్కని తిన్నగా డెవలపరులో వేస్తే అది పల్చబడి ఇంకో తంటా. వెనకటి ఉష్ణదేశపు డార్క్‌రూముల్లో డెవలపరులో సోడియం సల్ఫేటు కలిపి జెలటిన్ ఉబ్బకుండా ఆపేవారు, పటికతో గట్టిపరిచేవారు. పొటాషియం బ్రోమైడు చిటికెడు మసకని అణిచిపెడుతుంది, కానీ ఎక్కువైతే మసక నక్షత్రాలని కూడా అణిచేస్తుంది.

ఒక్క రకం మసకకే పూర్తి వైద్యం ఉంది. నెగటివు పాలపొర కట్టినట్టు ఉంటే హైపోలో చాలినంతసేపు ఉండలేదని అర్థం. తాజా హైపోలో మళ్ళీ వేస్తే తేటపడుతుంది. పక్కనుంచి చూస్తే ఆకుపచ్చగా, వెలుతురుకి ఎదురుగా పెడితే ఎర్రగా కనిపిస్తే హైపో చుక్కలు డెవలపరులో పడ్డాయి, గిన్నెలు వేరు చేసుకోవాలి. మిగిలినవాటికి 1883లో ఫార్మర్ చెప్పిన ఫెర్రిసయనైడు ద్రావణం ఉంది గానీ, ఆకాశపు నెగటివుకి నేను దాన్ని సిఫారసు చేయను. అది పొరతోపాటు సన్నటి చుక్కలని కూడా తినేస్తుంది. మసకతోనే ఉంచడం మేలు.

ఈ పలకల మధ్య పెరిగిన కుర్రవాడు ఒకడున్నాడు. నిజామియాలో సహాయకుడిగా పనిచేసిన మలయాళీ ఉద్యోగి కొడుకు వేణు బాపు. హైదరాబాదులో చదువుకుని, హార్వర్డుకు వెళ్ళి, 1949 జూలై 2న తాను తీసిన పలకని పరిశీలిస్తూ అందులో ఉండకూడని మసక చుక్క ఒకటి పట్టుకున్నాడు. పలకలో ఇలాంటిది కనిపిస్తే తొంభైతొమ్మిది సార్లు అది డెవలపరు మచ్చే అవుతుంది. ఇది కాలేదు. గురువు బాక్, తోటి విద్యార్థి న్యూకిర్క్ లెక్క సరిచూశారు. ఆ తోకచుక్కకి ముగ్గురి పేర్లూ కలిపి బాపు, బాక్, న్యూకిర్క్ అని పెట్టారు.

ముప్ఫై ఏళ్ళు దాటాయి. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం మూడున్నర దాటాక చంద్రుడి నీడ కర్ణాటక తీరం ఎక్కి, హుబ్బళ్ళి, రాయచూరు ప్రాంతాల మీదుగా తెలంగాణ దాటింది. తుర్విహాళ కూడా ఆ నీడలోదే. బాపు డైరెక్టరుగా ఉన్న భారత ఖభౌతిక సంస్థ వారు సింధనూరు పక్క జవళగేర దగ్గర పరికరాలు నిలబెట్టారు. అదే నీడలో, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో, అమెరికా వారు న్యూకిర్క్ రూపొందించిన కెమెరాని పెట్టారు. సూర్యుడి కిరీటం అంచు దగ్గర ఎంతో ప్రకాశంగా ఉండి, దూరం పోయేకొద్దీ హఠాత్తుగా మందగిస్తుంది. మధ్యలో చిక్కగా, అంచులకు పల్చగా ఉండే వడపోత అద్దంతో న్యూకిర్క్ ఆ రెండింటినీ ఒకే ఫిల్ము మీద సరితూచాడు. పాలెంలో తీసిన ఆ కిరీటపు ఫొటో దేశదేశాల పాఠ్యపుస్తకాలకెక్కింది. జాపాల్ రంగాపూర్‌లోని ఉస్మానియావారి కొత్త అబ్జర్వేటరీ మీదుగా కూడా నీడ పోయింది. తోకచుక్క మీద పేర్లు పంచుకున్న ఇద్దరి చేతిపని ఒకే సాయంత్రం, నూటయాభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఎడంలో, ఒకే నీడ కింద పడింది. మన ఊళ్ళలో అప్పుడు చాలా ఇళ్ళ తలుపులు మూసి ఉన్నాయి. గర్భిణులను బయటికి రానివ్వలేదు, వీధుల్లో పిట్ట లేదు.

అయినా భయపడనివాళ్ళు కొందరు డాబాలెక్కారు. మామూలు కెమెరాలతో, దొరికిన నలుపుతెలుపు ఫిల్ములతో తీశారు, ఊరి స్టూడియోలోనో ఇంటి స్నానాలగదిలోనో కడుక్కున్నారు. అలాంటి నెగటివులు మీ ఇళ్ళలో, పాత ట్రంకుపెట్టెల్లో ఉండొచ్చు. మసకబారాయని పారేయకండి. ప్లాస్టిక్ కవర్లోంచి తీసి పల్చటి బటరు పేపరులో చుట్టండి, బొమ్మ ఉన్నవైపు వేలు పెట్టకండి. ముందు అంచు చూడండి. అంచు తేటగా ఉండి చట్రంలో మాత్రం బూడిదగా ఉంటే అది ఆ సాయంత్రపు ఆకాశం వెలుతురే కావచ్చు. ఇప్పటి స్కానరు ఆ పొర కింద ఉన్నదాన్ని మన కంటికంటే బాగా విడదీస్తుంది. అలాంటిది దొరికితే తేదీ, ఊరు ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి కవరులో పెట్టి, పత్రిక కార్యాలయానికి ఒక ఉత్తరం ముక్క రాయండి.